తెరమీది పాత ప్రకటనలు – తెరమఱుగైన సరకులు

ఇంటిలోని పాతవస్తువు నొకదానిని బయటికి పంపవలసి వచ్చినపుడు గృహిణి మనస్సు ఒకింత నొచ్చుకొనును. అది దాని వెలను తలచి కాదు, దానితో గడచిన దినములను తలచి. ఇటీవల మాయింట నట్టి సందర్భ మొకటి తటస్థించినది. ముప్పదియేండ్లకు పైగా వంటయింటి మూల నిలిచిన ఆల్విన్ ఫ్రిజ్‌ను పాతసామానుల వాడు బండి కెత్తుచుండగా, మా తల్లిగారు వీథిగుమ్మము వఱకు దానివెంట నడచిరి. ప్రక్కనున్న మనుమరాలు, “ఆల్విన్ అనగా నేమి అమ్మమ్మా? ఆ పేరు నేనెన్నడును టీవీలో చూడలేదే!” యని యడిగినది. ఆ ప్రశ్నయే మమ్ము నీ వ్యాసమునకు పురికొల్పినది.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23న ప్రారంభమయ్యెను. దేశమున దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు అంతకు ముందే, 1976 జనవరి 1 నుండి మొదలైనవి. ఆ కాలమున వీథి కొకటో రెండో టెలివిజన్లు. చెక్కపెట్టె, దానికి ప్రక్కకు జరుగు తలుపులు, ఇంటికప్పుపై ఆంటెన్నా. పైగా ఏటేట తపాలా కార్యాలయమున లైసెన్సు రుసుము చెల్లింపవలెను. శుక్రవారము చిత్రలహరి వేళకు ఇరుగుపొరుగు స్త్రీలు పనులు చక్కబెట్టుకొని, చంకబిడ్డలతో వచ్చి చాపలపై కూర్చుండెడివారు. పాటకు పాటకు నడుమ మాటలు సాగును. ప్రకటన వచ్చినంతనే పిల్లలందఱు నొక్కగొంతుకతో దానిని పాడెడివారు. హిందీ యర్థము కాకున్నను రాగము తప్పెడిది కాదు.

స్థానికపు ప్రకటనల కంత హంగు లేదు. పలుమాఱు కదలని బొమ్మ యొకటి తెరపై నిలుచును. వెనుకనుండి తెలుగు కంఠ మొకటి దుకాణము పేరును, వీథి పేరును చదువును. అయినను, “అది మన బజారులోని కొట్టే!” యని గుర్తించుటలో మా కెంతటి సంబరమో!

ఆ ప్రకటనలలో స్త్రీలు మఱవజాలనిది సర్ఫ్ పొడి కొఱకు వచ్చిన లలితాజీ. గుజరాతులో 1969లో పుట్టిన నిర్మా పొడి, సర్ఫ్ ధరలో మూడవవంతునకు మించని వెలకే లభించుచు, ఇంటింట ప్రవేశించిన రోజులవి. దాని కెదురుగా నిలిచినది లలితాజీ. కూరగాయల కడ బేరమాడుచు, చవకైన సరకునకును మేలైన కొనుగోలునకును భేదమున్నదని వాదించు నీ గృహిణిని, తన తల్లిని మనస్సున నుంచుకొనియే కల్పించితినని ప్రకటనకర్త ఆలిక్ పదమ్‌సీ చెప్పియున్నారు. ఆ పాత్ర ధరించిన కవితా చౌదరి 1989లో ‘ఉడాన్’ ధారావాహికను తానే వ్రాసి, నడిపించి, నటించిరి. ఆమె 2024లో కీర్తిశేషులైరి. మా వీథిలో మాత్రము లలితాజీ మాట విన్నవారును నిర్మాయే కొనిరి. నెలజీతములో దేని కెంత యని లెక్క వేయువారికి ఆమె వాదము నచ్చినను, సంచి యొప్పుకొనలేదు.

నాటి సరకులలో నెన్నియో నేడు కానరావు. తెలుగువారైన పి. ఓబులరెడ్డిగారు మద్రాసున నెలకొల్పిన డయనోరా టెలివిజన్లు, ఆ నగరమునుండియే వచ్చిన సాలిడేర్, హైదరాబాదు ఈసీఐఎల్ వారి ఈసీ టీవీలు—ఇవి పెండ్లిసారెలో నుండుట గొప్ప. పిల్లలు మూతలు కూడబెట్టిన నారింజరంగు గోల్డ్ స్పాట్, 1993లో కోకా కోలా చేతికి పోయి, పిమ్మట కనుమఱుగైనది.

ఆల్విన్ కథ మాకు వీనియన్నిటికంటె దగ్గఱిది. 1942లో హైదరాబాదున వెలసిన ఆ సంస్థ బస్సుల బాడీలును, ఫ్రిజ్‌లును, అటుపై జపానుదేశపు సీకో వారి సహకారముతో చేతిగడియారములును తయారుచేసినది. మా తల్లిగారు టీవీలో ఆ ఫ్రిజ్‌ను చూచి, పాలలెక్కలో మిగిలిన చిల్లరను రెండేండ్లు పోపులడబ్బాలో దాచిరి. అది యింటికి వచ్చిన దినమున కుంకుమబొట్టు పెట్టిరి. వేసవిలో మా వీథి పిల్లలందఱికి మంచుముక్కలు మాయింటివే. ప్రక్కయింటి పిన్నిగారి భర్త ఆ కర్మాగారముననే పనిచేయుచుండెను. “మీ బాబాయి చేతిమీదుగా వచ్చినదే యిది కావచ్చును” అని ఆమె దాని తలుపు నిమురుట మా కిప్పటికి కన్నులకు కట్టినట్లున్నది.

1990 దశకమున ఫ్రిజ్‌ల వ్యాపారము వోల్టాస్ సంస్థ చేతికి పోయెను. గడియారముల తయారియు నిలిచెను. ప్రక్కయింట మాత్రము, పిన్నిగారు చీరలకు జాలరులు కుట్టుట మొదలిడిరి. కూతురి చదువు ఆ సూదిమీదనే సాగినది. వస్తువు వచ్చునపుడు వేడుకగా చాటు ప్రకటన, వస్తువు పోవునపుడు దానితోపాటు ఎవరియింట పొయ్యి చల్లారినదో చెప్పదు.

సోదరీమణులారా! నాటి వస్తువులన్నియు మేలైనవని మే మనము. నేటి యంత్రములు మన నడుములకు విశ్రాంతి నిచ్చుచున్నవి. కాని పేరొకటి తెరపైనుండి తొలగినపుడు, దానిని చేసినవారి జ్ఞాపకము తొలగిపోనీయరాదు. హైదరాబాదులో ఆల్విన్ కాలనీ నేటికిని గలదు. బస్సులలో ఆ పేరు నిత్యము వినవచ్చును. మా మనుమరాలి ప్రశ్నకు మా తల్లిగారు కన్నులు తుడుచుకొని చెప్పిన సమాధాన మిది: “అది మన పిన్నిగారింటి అన్నము తల్లీ!”