విద్యుత్ అప్రెంటిసునకు అర్హత: చదివిన చదువు, చేసిన పని

కల్వకుర్తి బజారులో ఎండలు ముదిరినవనుటకు ఒక గుర్తు కలదు. మోటారు వైండింగు షాపుల ముంగిట కాలిపోయిన బోరుమోటార్లు వరుసగా చేరును. ఒక్కొక్క మోటారు ప్రక్కన ఒక రైతు నిలిచి, "రేపటికైనా అగునా?" అని అడుగుచుండును. లోపల ఒక యువకుడు కాలిన తీగను కోసి తీసి, గాడులను శుభ్రపరచి, క్రొత్త తీగను చుట్టుచుండును. పదవ తరగతి ముగించి ఉస్తాదు వద్ద చేరి ఆతనికి మూడు నాలుగేండ్లు గడచినవి. ఏ గేజి తీగ కావలెనో, ఎన్ని చుట్లు పడవలెనో అడిగినచో తడుముకొనక చెప్పగలడు. కాని అప్రెంటిసులు కావలెనని ఏదేని పెద్ద సంస్థ ప్రకటించినపుడు, అందులో "అర్హతలు" అను మాట కడకు వచ్చునప్పటికి ఆతని వ్రేలు ఆగిపోవును. "నాకు పని వచ్చును గదా, మరి అర్హత ఉన్నట్లా, లేనట్లా?" అని సందేహించును.

ఇట్టి యువకులు మన ప్రాంతమున ఊరూర నున్నారు. వారి సందేహమునకు సమాధానము వెదకుటయే ఈ ప్రసంగమున నా ప్రయత్నము.

పాలమూరు సీమలో విద్యుత్తు పనికి కొరత లేదు. 2018 జనవరి 1 నుండి తెలంగాణములో వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు మొదలైనది. నల్లమలలో శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రమున 150 మెగావాట్ల యంత్రములు ఆరు కలవు. కల్వకుర్తి ఎత్తిపోతల పథకమున ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అను మూడు మెట్లపై ఒక్కొక్కచోట ఐదేసి పంపులు కలవు. ఒక్కొక్క పంపు మోటారు శక్తి 30 మెగావాట్లు, అనగా సుమారు నలుబదివేల అశ్వశక్తి. మన రైతు బోరులోని మోటారు ఐదు అశ్వశక్తులది. రెండింటిలోను తిరుగు సూత్రమొక్కటియే. అయినను చిన్న మోటారును బాగుచేయు చేయి పెద్ద మోటారు దరికి పోవలెనన్న నడుమ ఒక ద్వారమున్నది. ఆ ద్వారము పేరే అప్రెంటిసు శిక్షణ.

అప్రెంటిసు అనగా కేవలము పనినేర్చు కుర్రవాడని మన వాడుక. చట్టము దృష్టిలో ఆ మాటకు నిర్దిష్టమైన అర్థము కలదు. 1961లో పార్లమెంటు అప్రెంటిసుల చట్టమును చేసినది. దాని ప్రకారము యజమానికిని శిక్షణ పొందువానికిని నడుమ వ్రాతపూర్వకమైన ఒప్పందముండవలెను. ఆ ఒప్పందము నమోదు కావలెను. శిక్షణకు గడువు, నేర్పవలసిన విషయములు, నెలసరి భృతి నిర్ణయింపబడి ఉండును. గడువు ముగిసిన పిమ్మట పరీక్ష జరుగును. ఉత్తీర్ణుడైనవానికి జాతీయ అప్రెంటిసుషిప్ సర్టిఫికెట్టు లభించును. 2019లో సవరించిన నిబంధనలను బట్టి ముప్పదిమంది గాని, అంతకు మించి గాని పనివారున్న సంస్థ తప్పక అప్రెంటిసులను తీసికొనవలెను. వారి సంఖ్య మొత్తము పనివారిలో నూటికి రెండున్నర నుండి పదునైదు వరకు ఉండవలెను. నలుగురు మొదలు ఇరువదితొమ్మిదిమంది వరకు పనివారున్నచోట తీసికొనుట యజమాని ఇష్టము.

ఇచ్చట ఒక చిక్కు వెంటనే కానవచ్చును. మన బజారులోని వైండింగు షాపులో ఉస్తాదు ఒకడు, చేతిక్రింద ఒకరిద్దరు ఉందురు. అంత చిన్న చోటికి ఈ చట్టము రాదు. ఆ యువకుడు నాలుగేండ్లు పనిచేసినను ఆ కాలము చట్టము లెక్కించు అప్రెంటిసు కాలము కాజాలదు. ఆతడు పనిని నేర్చినాడు, నేర్చినట్లు ఎచ్చటను వ్రాయబడలేదు. లోపము ఆతని చేతిలో లేదు, కాగితములో ఉన్నది. ఈ భేదమును గ్రహించినచో దారి కొంత తేటపడును.

ఇక అర్హత సంపాదించు మార్గములను చూతము. మొదటిది ముందుగా పొందిన శిక్షణ. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను కోర్సు రెండేండ్లది. గణితము, సామాన్యశాస్త్రములతో పదవ తరగతి ఉత్తీర్ణులైనవారు ఇందులో చేరవచ్చును. వైర్‌మన్ కోర్సునకు ఎనిమిదవ తరగతి చాలును. ఐ.టి.ఐ. ముగించి జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్టు పొందినవాడు అప్రెంటిసుగా చేరినపుడు మొదటినుండి అన్నియు మరల నేర్వనక్కరలేదు. పాఠశాలలో గడచిన కాలమును చట్టము లెక్కలోనికి తీసికొనును. కనుక ఎలక్ట్రీషియను వృత్తిలో ఆతనికి ఒక్క సంవత్సరము శిక్షణ చాలును. ఏ శిక్షణయు లేక నేరుగా చేరువానికి ప్రాథమిక శిక్షణతో కలిపి అంతకంటె దీర్ఘమైన గడువు ఉండును. రైల్వేలు, విద్యుత్ సంస్థలు, రామచంద్రాపురములోని బి.హెచ్.ఇ.ఎల్. వంటి పెద్ద కర్మాగారములు సాధారణముగా ఐ.టి.ఐ. ముగించినవారినే కోరుటకు ఇది ఒక కారణము.

ఐ.టి.ఐ. ఒక్కటియే శిక్షణ కాదు. పాలిటెక్నిక్ డిప్లొమా చదివినవారిని 1973 సవరణ, ఇంటర్మీడియెట్ వృత్తివిద్య చదివినవారిని 1986 సవరణ ఈ చట్టము పరిధిలోనికి తెచ్చినవి. అనగా మీ చదువును బట్టి మీరు చేరవలసిన వరుస వేరగును. డిప్లొమా చదివినవాడు ఐ.టి.ఐ. వారికొరకు వెలువడిన ప్రకటనకు దరఖాస్తు పంపి, త్రిప్పి పంపినారని చింతించుట కద్దు. ప్రకటనను చదువునపుడు మొట్టమొదట చూడవలసినది ఏ తరగతి అప్రెంటిసులను కోరుచున్నారను విషయమే.

రెండవ మార్గము అనుభవము. సంబంధిత వృత్తిలో కనీసము మూడేండ్లు పనిచేసినవారు, ఐ.టి.ఐ.లో చదువకపోయినను, అఖిలభారత వృత్తి పరీక్షకు ప్రైవేటు అభ్యర్థిగా కూర్చుండుటకు అవకాశము కలదు. ఉత్తీర్ణులైనచో ఐ.టి.ఐ. విద్యార్థికి వచ్చు సర్టిఫికెట్టే వచ్చును. ఆపైన అప్రెంటిసు ద్వారము ఆతనికిని తెరచుకొనును. అయితే పనిచేసినట్లు యజమాని వ్రాసియిచ్చిన పత్రము కావలెను. వయస్సు, పని చేసిన సంస్థ మొదలగువానికి సంబంధించిన నిబంధనలను ఆయా సంవత్సరపు ప్రకటనలో చూచుకొనవలెను. దగ్గరి ప్రభుత్వ ఐ.టి.ఐ. ప్రిన్సిపాలు కార్యాలయమున విచారించుట ఉత్తమము.

ఈ రెండింటితోపాటు పూర్వాభ్యాసమును గుర్తించు పద్ధతి యొకటి కలదు. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో దీనికి చోటు కల్పించిరి. పని తెలిసినవానికి కొద్దికాలము మెరుగుదల శిక్షణ ఇచ్చి, పరీక్షించి, పత్రము ఇత్తురు. ఇది మేలైనదే. కాని ఈ పత్రమును ఐ.టి.ఐ. సర్టిఫికెట్టుతో సమానమని భ్రమపడరాదు. ప్రకటనలో జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్టు అని స్పష్టముగా అడిగినచోట ఇది చాలదు. మధ్యవర్తులెవరైనను రెండును ఒకటేనని చెప్పి రుసుము పుచ్చుకొనవచ్చినచో జాగ్రత్తపడుడు.

అనుభవమున్నవాడు పరీక్షలో ఎందుకు తడబడును? ఆతనికి పని తెలియకపోవుటచేత కాదు, పని వెనుకనున్న లెక్క తెలియకపోవుటచేత. ఒక ఉదాహరణము చెప్పెదను. ఐదు అశ్వశక్తుల మూడు ఫేజుల మోటారు ఎంత కరెంటు తీసికొనునని మన యువకుని అడిగినచో, క్లాంపు మీటరు తగిలించి చూచి సుమారు ఏడున్నర ఆంపియర్లు అని చెప్పును. పరీక్షకుడు మీటరు లేకుండ చెప్పుమనును. ఒక అశ్వశక్తి 746 వాట్లు కనుక ఐదు అశ్వశక్తులు 3,730 వాట్లు. తీగల మధ్య వోల్టేజి 415. మూడు ఫేజులకు 1.732 చేత గుణింపవలెను. పవర్ ఫ్యాక్టరు 0.8, మోటారు సామర్థ్యము 0.85 అనుకొందము. ఈ నాలుగింటిని గుణించిన 489 వచ్చును. 3,730ని దానిచే భాగించిన సుమారు 7.6 ఆంపియర్లు. మీటరు చెప్పినదే లెక్కయు చెప్పినది. అయితే లెక్క తెలిసినవాడు మోటారు బిగింపకముందే ఏ తీగ, ఏ ఫ్యూజు, ఏ స్టార్టరు కావలెనో నిర్ణయింపగలడు.

ఇట్లే స్టార్, డెల్టా కలుపుల సంగతి. స్టార్ కలుపులో ఒక్కొక్క చుట్టపై 415ను 1.732 చేత భాగించిన 240 వోల్టులు మాత్రమే పడును. డెల్టాలో 415 వోల్టులును పడును. స్టార్ కొరకు చుట్టిన మోటారును డెల్టాగా కలిపినచో అది ఏల కాలిపోవునో ఈ ఒక్క లెక్క చెప్పును. ఉస్తాదు "అట్లు కలుపకు" అని చెప్పియుండును. ఏల కలుపరాదో చెప్పునది చదువు. కనుక ప్రైవేటు అభ్యర్థి చేతిపనిని మరల సాధన చేయుటకంటె లెక్కలు, డ్రాయింగు, వృత్తి సిద్ధాంతము అను మూడింటిపై ఎక్కువ కాలము వెచ్చించుట లాభకరము.

అర్హతలు కేవలము ఉద్యోగార్థులను వడపోయుటకు పెట్టిన అడ్డంకులా? కావు. విద్యుత్తు తప్పును క్షమింపదు. ఊళ్ళలో ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోయినపుడు, లైన్‌మన్ వచ్చుదాక ఆగలేక, కొంచెము పని తెలిసిన కుర్రవానిని పిలిచి స్తంభమెక్కించుట మనము ఎరుగని సంగతి కాదు. లైన్ క్లియర్ తీసికొనక, ఎ.బి. స్విచ్చి లాగక, తీగను భూమికి కలుపక పైకెక్కినవాని ప్రాణమునకు ఎవరు పూచీ? ఫ్యూజు వేయుట ఆతనికి వచ్చును. వేయుటకు ముందు చేయవలసిన పనుల క్రమము ఎవరును నేర్పలేదు. అప్రెంటిసు శిక్షణలో మొదట నేర్పునది ఆ క్రమమునే. 2020 ఆగస్టులో శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ కేంద్రమున అగ్నిప్రమాదము జరిగి తొమ్మిదిమంది మరణించిరి. అర్హతలున్న ఉద్యోగులు పనిచేయుచోటనే అంత ముప్పు ఉండగా, శిక్షణయు పర్యవేక్షణయు లేనివాని సంగతి వేరుగ చెప్పనేల?

ఈ కారణముననే 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలో 45వ నిబంధన, లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారా, అర్హతాపత్రము గల పర్యవేక్షకుని కనుసన్నలలో, పర్మిట్టు గల పనివారిచే విద్యుత్ పనులు జరుగవలెనని విధించినది. తరువాత 2010లోను, 2023లోను వెలువడిన భద్రతా నిబంధనలు ఆ సూత్రమునే నిలిపినవి. ఇంటికి వైరింగు చేసిన పిమ్మట 500 వోల్టుల మెగ్గరుతో ఒక నిమిషము పరీక్షించి, తీగకును భూమికిని నడుమ నిరోధము ఒక మెగోమునకు తగ్గకుండ చూడవలెనను నియమము కూడ ఇట్టిదే. దీపము వెలిగినంత మాత్రమున వైరింగు సరియైనదని చెప్పరాదు.

అనుభవమునకు విలువకట్టు సమస్య మన దేశమునకు మాత్రమే పరిమితము కాదు. జర్మనీలో ఒక వృత్తికి నిర్ణయించిన శిక్షణ కాలమునకు ఒకటిన్నర రెట్లు ఆ వృత్తిలో పనిచేసినవాడు, అప్రెంటిసుగా లేకపోయినను తుది పరీక్షకు కూర్చుండవచ్చును. అమెరికాలో కాంట్రాక్టర్లు, కార్మికసంఘములు కలిసి నడపు విద్యుత్ శిక్షణ సమితులు పలుచోట్ల నాలుగువేల గంటల పని అనుభవము నిరూపించినవారికి ప్రత్యేక మార్గమును తెరచినవి. ఇచ్చట "నిరూపించిన" అను మాట ముఖ్యము. ఏ దేశమైనను అనుభవమును మన్నించును, కాని దానికి సాక్ష్యమును కోరును.

కావున మన యువకునికి నా మనవి యిది. నేడే ఒక నోటుపుస్తకము కొనుము. ఏ తేదీన ఏ మోటారు వచ్చినది, ఎన్ని అశ్వశక్తులది, దోషమేమి, ఎట్లు సవరించితివి అను విషయములు వ్రాసికొనుము. నెలకొకసారి ఉస్తాదు చేత సంతకము చేయించుకొనుము. అది ప్రభుత్వ పత్రము కాదు, కాని రేపు అనుభవపత్రము వ్రాయువానికి ఆధారమగును, నీకు పాఠ్యపుస్తకమగును. పదవ తరగతి మధ్యలో మానినవాడవైతే తెలంగాణ ఓపెన్ స్కూలు ద్వారా దానిని ముందుగా పూర్తిచేయుము. అన్ని కాగితములలోను పేరు, పుట్టిన తేదీ ఒకే విధముగా ఉన్నవో లేవో సరిచూచుకొనుము. కేవలము ఒక అక్షరభేదముచే ఆగిపోయిన దరఖాస్తులు కొల్లలు.

ఉస్తాదులకును ఒక మాట. మీ వద్ద పనిచేసిన వానికి అడిగిననాడు పత్రము వ్రాసియిచ్చినచో వాడు షాపు విడిచిపోవునని శంకింపవలదు. పోయినను, మీ చేతి విద్య ఒక పెద్ద పంపుహౌసులో నిలుచును.

చివరగా ఒక నిజము చెప్పవలెను. అప్రెంటిసుషిప్ ఉద్యోగము కాదు. శిక్షణ ముగియగానే ఉద్యోగమీయవలెనని చట్టము యజమానిని నిర్బంధింపదు. 1995లో ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ఇతర అర్హతలు సమానముగా ఉన్నచో శిక్షణ పొందిన అప్రెంటిసునకు ప్రాధాన్యమీయవలెనని చెప్పినది. అంతకు మించి ఆశ పెట్టుట న్యాయము కాదు. కాని సర్టిఫికెట్టు చేతనున్నవాడు ఒక ప్రకటన తప్పినచో మరియొకదానికి దరఖాస్తు పంపగలడు. లేనివాడు ప్రతి ప్రకటనయందును అదే పంక్తి కడ ఆగిపోవును.

మన యువకుని ప్రశ్నకు ఇక సమాధానము చెప్పవచ్చును. అర్హతలో సగము ఆతని చేతిలోనే ఉన్నది. మిగిలిన సగము పుస్తకములో, పరీక్షలో, పత్రములో ఉన్నది. ఎండలు తగ్గి మోటార్లు రాక తగ్గిన వర్షాకాలపు సాయంత్రములు ఆ సగమును సంపాదించుటకు తగిన వేళ.