పాత కంప్యూటర్, కొత్త బ్రౌజర్

శంషాబాద్ విమానాశ్రయంలో రాకపోకలు 2008 మార్చి 23న మొదలయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరు 2న గూగుల్ క్రోమ్ తొలి రూపం విడుదలైంది. ఆ కాలంలో కొన్న కోర్ 2 డ్యుయో కంప్యూటర్ ఇప్పటికీ ఆన్ అవుతుంది. వెబ్ చెక్-ఇన్ చేసి బోర్డింగ్ పాస్ ప్రింట్ తీద్దామంటే మాత్రం పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు.

1993లో మొజాయిక్ బ్రౌజర్ వచ్చినప్పుడు వెబ్ పేజీ అంటే అక్షరాలు, బొమ్మలు. 1995లో నెట్‌స్కేప్ జావాస్క్రిప్ట్ తెచ్చాక పేజీలు మెల్లగా ప్రోగ్రాములయ్యాయి. క్రోమ్‌లోని వీ8 ఇంజన్ ఆ ప్రోగ్రామును అప్పటికప్పుడు యంత్రభాషలోకి మార్చి పరిగెత్తించింది. ట్యాబులను వేర్వేరు ప్రాసెస్‌లుగా విడదీయడంతో ఒకటి కూలినా మిగతావి నిలిచాయి. ఫైర్‌ఫాక్స్ 2016 నుంచి అదే దారి పట్టింది. ఈ వేగానికీ భద్రతకూ మూల్యం ర్యామ్.

ఇక్కడే తక్కువ ర్యామ్‌తో నడిచే తేలిక లినక్స్ ఆదుకుంటుంది. బ్యారీ కౌలర్ 2003లో మొదలుపెట్టిన పప్పీ లినక్స్ ర్యామ్‌లోకే ఎక్కి నడుస్తుంది. యాంటీఎక్స్, లుబుంటు కూడా డెస్క్‌టాప్ ఖర్చు తగ్గిస్తాయి. పేజీ బరువు మాత్రం ఏ లినక్స్‌లోనైనా అంతే. 2 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో ర్యామ్ వాడకం చూపే హెచ్‌టాప్ తెరిచి, వరసగా ట్యాబులు తీస్తూ పోండి: ర్యామ్ గీత నిండుతుంది, ర్యామ్ చాలక డిస్క్‌ను వాడుకునే స్వాప్ గీత లేస్తుంది, హార్డ్ డిస్క్ లైటు ఆరదు. ప్రతి గిన్నెకూ అటకెక్కి దిగుతూ వంట చేసినట్టు ఉంటుంది కంప్యూటర్ పని.

బ్రౌజర్లను పోల్చేవారు స్పీడోమీటర్ పరీక్ష పెడతారు. అది పేజీలో పనుల జాబితా రాసి, టిక్కులు పెట్టి, చెరిపి, ఎంత త్వరగా స్పందించిందో లెక్కిస్తుంది. 2024 మార్చిలో వచ్చిన 3.0 రూపం వెనక ఆపిల్, గూగుల్, మొజిల్లా మూడూ ఉన్నాయి. కానీ పది ట్యాబులు తెరిస్తే ఏమవుతుందో అది చెప్పదు. అందుకే కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, ఒక్కో బ్రౌజర్‌లో అవే పేజీలు తెరిచి, పట్టిన సమయం, ర్యామ్ వాడకం రాసుకోవాలి. జావాస్క్రిప్ట్ లేని డిల్లో బ్రౌజర్ పాత యంత్రంలోనూ చటుక్కున తెరుచుకుంటుంది. చదువుకోవడానికి బాగుంటుంది గానీ బ్యాంకు పనికి రాదు. ఇక 32 బిట్ లినక్స్‌ను క్రోమ్ 2016లో, ఫైర్‌ఫాక్స్ 2025లో వదిలేశాయి.

కాబట్టి ముందు ర్యామ్ 4 జీబీ చేయించండి, హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టించండి, ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ వేసుకోండి. ఏ బ్రౌజర్ గొప్పదన్న వాదన ఆ తర్వాత పెట్టుకోవచ్చు.