జంతువులకు ఆత్మ వుందా? కేథలిక్ విశ్వాసం ఏమంటుంది?

‘జంతువుకు ఆత్మ వుందా?’ అని మన కాలేజీలో ఎవరినైనా అడిగి చూడండి. మూడు రకాల జవాబులు వస్తాయి. జువాలజీ విద్యార్థి నవ్వి వూరుకుంటాడు. గజేంద్రమోక్షం కథ విని పెరిగినవాడు ‘లేకపోవడమేమిటి?’ అని ఎదురు ప్రశ్న వేస్తాడు. కేథలిక్ విద్యార్థి మాత్రం కొంచెం తటపటాయిస్తాడు. చిన్నప్పుడు సత్యోపదేశం చెప్పినవారు ‘ఆత్మ మనిషికే’ అన్నట్టు లీలగా గుర్తు. మరి ఇంట్లో పదేళ్ళు పెరిగి చచ్చిపోయిన కుక్క ఏమైనట్టు?

ఈ చిక్కులో సగం మాటలోనే వుంది. తెలుగులో ‘ఆత్మ’ అనగానే చావుపుట్టుకలు లేనిది, ఒక శరీరం విడిచి మరొక శరీరంలో ప్రవేశించేది అనే భావం మనకు మెదులుతుంది. ఆ అర్థంలో చీమకూ, ఏనుగుకూ, మనిషికీ తేడా లేదు. కేథలిక్ వేదశాస్త్రం చెప్పే ఆత్మ వేరు. లాటిన్‌లో ‘అనిమ’ అంటే దేహాన్ని బతికించి నడిపించే జీవశక్తి. ‘ఎనిమల్’ అనే ఇంగ్లీషు మాట పుట్టింది అందులోనుంచే. ప్రాణం వున్నదాన్ని మనం ప్రాణి అన్నట్టే నన్నమాట. బైబిలు మొదటి గ్రంథమైన ఆదికాండంలో కూడా ‘నెఫెష్’ అనే ఒకే హీబ్రూ మాటను మనిషికీ, నీటిలోని జలచరాలకూ, నేలమీది జంతువులకూ వాడారు. ఈ లెక్కన జంతువుకు ఆత్మ వుందా అంటే, నిస్సందేహంగా వుంది. అసలు ప్రశ్న అది కాదు. ఆ ఆత్మ చావును దాటి నిలుస్తుందా అన్నదే ప్రశ్న.

ఇక్కడ పునీత థామస్ అక్వినాస్ (1225–1274) వస్తాడు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ఆత్మను మూడు మెట్లుగా విభజించాడు. చెట్టుకు వున్నది పెరిగే శక్తి, జంతువుకు అదనంగా చూసే, వినే, బాధపడే శక్తి, మనిషికి వీటన్నిటితోపాటు ఆలోచించే శక్తి. అక్వినాస్ ఈ విభజనను తీసుకొని ఇలా తర్కించాడు. జంతువు చేసే ప్రతి పనికీ ఏదో ఒక అవయవం కావాలి. కన్ను లేకపోతే చూపు లేదు, చెవి లేకపోతే వినికిడి లేదు. దేహం లేకుండా ఏ పనీ చేయలేని ఆత్మ దేహం పోయాక విడిగా నిలవలేదు. మనిషి అలా కాదు. న్యాయం, సత్యం, సంఖ్య వంటి కంటికి కనబడని వాటిని గ్రహించే బుద్ధి ఏ అవయవానికీ కట్టుబడి లేదు, కనుక మనిషి ఆత్మ మిగులుతుంది. నూతన లోకంలో జంతువులు వుండవని కూడా అక్వినాస్ అభిప్రాయపడ్డాడు.

అయితే ఒక తేడా గమనించాలి. అక్వినాస్ మాటకు శ్రీసభలో ఎంత గౌరవం వున్నా, ఆయన చెప్పినదంతా విశ్వాససత్యం అయిపోదు. 1513లో అయిదవ లాటరన్ మహాసభ మనిషి ఆత్మ అమరమని అధికారికంగా నిర్ణయించింది. జంతువులు మోక్షానికి వెళ్తాయనిగానీ, వెళ్ళవనిగానీ అటువంటి నిర్ణయం ఏదీ లేదు. ఇంకో సంగతి. జంతువు గడియారం వంటి యంత్రమని పదిహేడవ శతాబ్దంలో డెకార్ట్ వాదించాడు. అక్వినాస్ మార్గంలో ఆ మాటకు చోటు లేదు. ఆయన దృష్టిలో జంతువు నిజంగా చూస్తుంది, నిజంగా బాధపడుతుంది.

2014 చివరలో ఒక విచిత్రం జరిగింది. కుక్క చచ్చిపోయి ఏడుస్తున్న ఒక పిల్లవాడిని పోపు ఫ్రాన్సిస్ ‘జంతువులకూ మోక్షం వుంది’ అని ఓదార్చారంటూ ప్రపంచ పత్రికలన్నీ వార్త వేశాయి. తీరా చూస్తే ఆయన అలా అననే లేదు! అంతకుముందెప్పుడో ఆరవ పాల్ పోపు అన్నారని చెప్పుకునే మాటను ఈయనకు అంటగట్టారు. పెద్ద పత్రికలు సవరణలు వేసుకోవలసి వచ్చింది. వార్త అబద్ధమే కావచ్చు, కాని అది అంత వేగంగా పాకిందంటే ఆ ఓదార్పు కోసం ఎంతమంది ఎదురుచూస్తున్నారో ఆలోచించండి.

ఆ ఆశకు ఆధారం బొత్తిగా లేదా? వుంది. యెషయా ప్రవక్త రానున్న శాంతి రాజ్యాన్ని వర్ణించినప్పుడు తోడేలును, గొర్రెపిల్లను ఒక్కచోట చేర్చాడు. పునీత పౌలు రోమీయులకు రాసిన లేఖలో, సృష్టి అంతా విముక్తి కోసం మూలుగుతున్నదని చెప్పాడు. పోపు ఫ్రాన్సిస్ కూడా 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ లేఖలో, నిత్యజీవంలో ప్రతి సృష్టిజీవికీ కాంతివంతమైన రూపంలో తన స్థానం వుంటుందన్న భావం వ్యక్తం చేశారు. చచ్చిన మన కుక్కే తిరిగి మనకు కనిపిస్తుందని ఇందులో హామీ లేదు. దేవుడు తాను చేసిన సృష్టిని పారవేయడన్న నమ్మకం మాత్రం వుంది. కనుక పెంపుడు జంతువు పోయి దుఃఖిస్తున్నవారితో ‘దానికి ఆత్మ లేదు, ఏడవకు’ అనడం కేథలిక్ బోధ కాదు. ‘తప్పకుండా మోక్షంలో కలుస్తావు’ అనడం కూడా బోధను దాటిన మాటే. ‘అది దేవునిదే, దాన్ని ఆయనకే అప్పగించు’ అనవచ్చు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. జంతువు ఆత్మ అమరం కాదంటే దాన్ని ఎలాగైనా హింసించవచ్చునా? ఈ ఒక్క విషయంలో మాత్రం శ్రీసభ తటపటాయించలేదు. 1567లో అయిదవ పయస్ పోపు వృషభ క్రీడలను నిషేధించాడు. ఆ క్రీడలో చచ్చినవాడికి క్రైస్తవ ఖననం కూడా లేదన్నాడు. తరువాతి పోపు కొంత సడలించాడనుకోండి. 1992లో వెలువడిన కేథలిక్ సత్యోపదేశ గ్రంథం ఇంకా వివరంగా చెబుతుంది. జంతువులు దేవుని సృష్టి, వాటిపట్ల దయ చూపడం మన బాధ్యత. వాటిని ఆహారానికీ, వస్త్రాలకూ వాడుకోవచ్చు. హద్దులు పాటిస్తూ, మనుషుల ప్రాణాలు కాపాడే ప్రయోగాలకూ వాడవచ్చు. అనవసరంగా బాధపెట్టడం, చంపడం మాత్రం మానవ గౌరవానికే విరుద్ధం. అదే గ్రంథం రెండోవైపు కూడా హెచ్చరిస్తుంది. మనుషుల కష్టాలు తీర్చడానికి ముందుగా ఖర్చు చేయవలసిన డబ్బును జంతువులమీద పోయడం తగదు.

మిత్రులారా, ఎత్తుకు మించిన బరువు లాగుతున్న ఎద్దుకు మోక్షం వుందో లేదో తేల్చేది దేవుడు. దాని వీపుమీద పడే ప్రతి అనవసరపు దెబ్బకూ లెక్క చెప్పవలసిన అమరమైన ఆత్మ మాత్రం కొరడా పట్టుకున్నవాడిదే. మనిషి ఆత్మ గొప్పదని చెప్పే సిద్ధాంతం మనిషికి ఇచ్చింది హక్కుకంటే ముందు బాధ్యత అని మనం మరిచిపోకూడదు.