పీజీ అర్హత డిగ్రీలో చేరిన రోజే తేలిపోతుంది
చుట్టూ విశ్వవిద్యాలయాలే... రైతు బిడ్డ పట్టా పుచ్చుకోవాలంటే ఏమేం కావాలి?

(హఫీజ్‌పేట)

విత్తొకటి పెడితే చెట్టొకటి మొలుస్తుందా అంటారు పెద్దలు. విత్తనం కొనేటప్పుడు సంచి తిప్పి చూడని రైతు ఉండడు. నీలం రంగు ట్యాగు ఉందా, గడువు ఎప్పటి వరకు, మొలక శాతం ఎంత అని ఒకటికి రెండుసార్లు చూసుకుంటాడు. అదే రైతు కొడుకునో బిడ్డనో లక్షలు పోసి కాలేజీలో వేసేటప్పుడు ఆ కాలేజీకి ట్యాగు ఉందో లేదో అడగడం లేదు. నాలుగేళ్లు గడిచి, పిల్లలు పీజీ చదువుతామన్న రోజున అసలు సంగతి బయటపడుతోంది. అప్పటికి విత్తి నాలుగేళ్లయి ఉంటుంది. పీకి మళ్లీ నాటడానికి వీలుండదు.

హఫీజ్‌పేట ఉన్న చోటు చూడండి. రైలెక్కితే చందానగర్ దాటాక లింగంపల్లి. అక్కడికి దగ్గర్లో గచ్చిబౌలి వైపు 1974లో వెలసిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. పడమరగా పోతే పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. నగరానికి ఆ చివర రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం. ఒకప్పుడు చెరువులు, పొలాలు ఉన్న ఈ పక్కన ఇప్పుడు అంతస్తుల మేడలు లేచాయి. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఈ చుట్టుపక్కల గదుల్లో ఉంటూ పరీక్షలకు చదువుతున్నారు. గదికి అద్దె కట్టేది ఊళ్లో ఎకరం, రెండెకరాలున్న తండ్రి. ఆ డబ్బు ఏ దారిన పోతోందో, ఆ దారి ఎక్కడిదాకా వెళ్తుందో తండ్రికి తెలియాలి. ఈ వారం ఆ ముచ్చటే.

ఏ గుర్తింపు అడగాలి?

'మా కాలేజీకి గుర్తింపు ఉంది' అని ప్రతి ప్రైవేటు కాలేజీ చెబుతుంది. అది అబద్ధం కాకపోవచ్చు. కానీ గుర్తింపుల్లో తేడా ఉంది. విశ్వవిద్యాలయానికి యూజీసీ గుర్తింపు ఉండటం ఒకటి. వ్యవసాయ చదువుకు భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్ గుర్తింపు ఉండటం మరొకటి. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

ఐసీఏఆర్ వాళ్లు కాలేజీకి వచ్చి పొలం ఎంత ఉంది, ప్రయోగశాల ఉందా, పాఠాలు చెప్పేవాళ్లు ఎందరు అని చూసి గుర్తింపు ఇస్తారు. అదీ కొన్నేళ్ల గడువుతోనే. ఈ గుర్తింపు లేని ప్రైవేటు కాలేజీలో ఏజీ బీఎస్సీ చేసిన పిల్లలకు వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ సీటు దగ్గర తలుపు మూసుకుపోతోంది. మార్కులు ఎన్నున్నా లాభం ఉండదు. పక్క రాష్ట్రాలకు వెళ్లి డొనేషన్ కట్టి చేరినవాళ్లు ముఖ్యంగా గమనించాల్సిన సంగతి ఇది.

కనుక చేరే ముందే మూడు ప్రశ్నలు అడగండి. ఐసీఏఆర్ గుర్తింపు ఉందా? ఉంటే అది ఈ కాలేజీకా, లేక విశ్వవిద్యాలయంలోని వేరే కాలేజీకా? గడువు ఏ సంవత్సరం వరకు? నోటిమాట నమ్మవద్దు, కాగితం చూపమనండి. ఐసీఏఆర్ తన జాబితాను బయట పెడుతుంది. సెల్‌ఫోన్ ఉన్న పిల్లలు ఐదు నిమిషాల్లో చూడగలరు.

లోపలికి వెళ్లే మెట్లు

ఇంటర్ బైపీసీ తరువాత ఏజీ బీఎస్సీ నాలుగేళ్లు. పదో తరగతి తరువాత వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు అగ్రిసెట్ రాసి అదే డిగ్రీలోకి రావచ్చు. డిగ్రీ సీట్లలో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. ఊళ్లో చదివినట్టు, ఇంటికి భూమి ఉన్నట్టు కాగితాలు చూపించాలి. పట్టాదారు పాసు పుస్తకం తాత పేరు మీదే ఉండిపోయి, ఈ దశలో ఇబ్బంది పడే ఇళ్లు చాలా ఉన్నాయి. బిడ్డ ఇంటర్‌లో ఉండగానే విరాసత్ పని పూర్తి చేసుకోండి.

డిగ్రీ చివరి ఏడాది పిల్లలు పల్లెలో ఉండి రైతుల దగ్గర పని నేర్చుకుంటారు. మన ఊళ్లకు వచ్చే 'రావెప్' విద్యార్థులు వాళ్లే.

ఆ తరువాత ఎమ్మెస్సీ. డిగ్రీకి వచ్చిన కోటా ఇక్కడా ఆదుకుంటుందని నమ్ముకుని కూర్చోవద్దు. ప్రవేశ పరీక్షలో మార్కు, డిగ్రీలో గ్రేడు ముఖ్యం. దేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కొంత వాటా సీట్లను ఐసీఏఆర్ జాతీయ స్థాయి పరీక్షతో నింపుతుంది. మిగతావి ఆయా విశ్వవిద్యాలయాలు తమ నోటిఫికేషన్ ప్రకారం ఇస్తాయి. రెండింటికీ దరఖాస్తు చేయడం మేలు.

ఏజీ సీటు రాక మామూలు బీఎస్సీ చేసిన పిల్లలు నిరాశపడనక్కర్లేదు. వృక్షశాస్త్రం, జీవరసాయనం వంటి వాటిలో ఎమ్మెస్సీకి రాష్ట్ర విశ్వవిద్యాలయాల కోసం సీపీగెట్ ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీజీకి సీయూఈటీ పీజీ పరీక్ష రాయాలి. మొక్కల మీద పరిశోధన చేసే విభాగం అక్కడ ఉంది. ఇక ఇక్రిశాట్ సంగతి. పేరు పెద్దదే కానీ అది డిగ్రీ ఇచ్చే చోటు కాదు. వేరే విశ్వవిద్యాలయంలో చేరిన పిల్లలు పరిశోధన కోసం అక్కడికి వెళ్తారు. 'ఇక్రిశాట్‌లో సీటు ఇప్పిస్తా' అని ఎవరైనా డబ్బు అడిగితే దండం పెట్టి పంపండి.

ఎమ్మెస్సీకి 70, పీహెచ్‌డీకి 100

సీటు దొరికితే సగం పని అయినట్టే. మిగతా సగం పట్టా తెచ్చుకోవడం. ఇందులో 'క్రెడిట్' అనే మాట వస్తుంది. ఒక సెమిస్టరు పాటు వారానికి గంట పాఠం వింటే ఒక క్రెడిట్. ప్రాక్టికల్ అయితే ఎక్కువ గంటలు పని చేయాలి. కూలి దినాలు లెక్కగట్టినట్టే వీటినీ లెక్కగట్టి, మొత్తం పూర్తయితేనే పట్టా ఇస్తారు.

2021లో ఐసీఏఆర్ కొత్తగా రూపొందించిన పాఠ్య ప్రణాళిక ప్రకారం ఎమ్మెస్సీకి 70 క్రెడిట్లు. అందులో ప్రధాన సబ్జెక్టుకు 20, దానికి దగ్గరి సబ్జెక్టుకు 8, గణాంకాల వంటి సహాయక పాఠాలకు 6, అందరికీ ఉమ్మడి పాఠాలకు 5, సెమినార్‌కు 1. ఇవన్నీ కలిపితే 40. మిగిలిన 30 పరిశోధనకు, అంటే థీసిస్‌కు.

పీహెచ్‌డీకి 100 క్రెడిట్లు. ప్రధాన సబ్జెక్టు 12, దగ్గరిది 6, సహాయకం 5, సెమినార్లు 2. మిగిలిన 75 పరిశోధనవే. అంటే నూటికి డెబ్బై అయిదు వంతులు పొలంలోనూ ప్రయోగశాలలోనూ చేసే పని. 'చదువు అయిపోయింది కదా, ఇంకా ఏం చేస్తున్నావు?' అని ఇంట్లో అడిగేవాళ్లకు జవాబు ఈ అంకెలోనే ఉంది.

ఎమ్మెస్సీకి తక్కువలో తక్కువ రెండేళ్లు, పీహెచ్‌డీకి మూడేళ్లు. పీహెచ్‌డీ మూడేళ్లలోనే తేలడం అరుదు. నాలుగైదేళ్లు పడుతుందని ముందే మనసులో పెట్టుకోండి.

థీసిస్ అంటే ఒక పంట

చేరిన విద్యార్థికి ఒక గైడును, ఆయనతో పాటు సలహా సంఘాన్ని ఏర్పాటు చేస్తారు. ఏ పంట మీద, ఏ సమస్య మీద పని చేయాలో వాళ్లతో కూర్చుని నిర్ణయించుకోవాలి. సేద్య విభాగమైతే ఎరువు మోతాదో, విత్తే దూరమో. కీటక శాస్త్రమైతే గులాబీ రంగు పురుగో, కాండం తొలిచే పురుగో. ప్రజనన విభాగమైతే కొత్త వంగడాల ఎంపిక.

పొలంలో ప్రయోగం వేస్తే వానాకాలం వానాకాలమే, యాసంగి యాసంగే. మడులు కట్టి, ఒక్కో మడిలో ఒక్కో పద్ధతి వేసి, పిలకలు, గింజలు లెక్కపెట్టి, తూకం వేసి పుస్తకంలో రాయాలి. వడగళ్లు పడినా, సమయానికి నీరందక ఎండినా ఆ సీజన్ పోయినట్టే, మళ్లీ ఏడాది ఆగాలి. ఈ కష్టం రైతుకు చెప్పనక్కర్లేదు. నాట్ల వేళకో, పెళ్లిపనికో కొడుకును పదిహేను రోజులు ఇంటికి పిలిస్తే అతని ప్రయోగం దెబ్బతినవచ్చు. పిలిచే ముందు పంట ఏ దశలో ఉందో ఒక్క మాట అడగండి.

ఈ పని వృథా కాదు. సాంబ మసూరిగా మనం ఎరిగిన బీపీటీ 5204 రకం 1986లో బాపట్ల నుంచి వచ్చింది. తెలంగాణ సోనాగా పేరుపడ్డ ఆర్ఎన్ఆర్ 15048 రకం 2015లో రాజేంద్రనగర్ నుంచి విడుదలైంది. ఇలాంటి రకాలు తెచ్చే శాస్త్రవేత్తలు కావాలంటే ఎక్కాల్సిన మెట్లు ఇవే.

పాఠాలు పూర్తయ్యాక పీహెచ్‌డీ విద్యార్థికి రాత, మౌఖిక పరీక్ష ఉంటుంది. అది గట్టెక్కితేనే థీసిస్ దాకా వెళ్తారు. రాసిన థీసిస్‌ను బయటి పరీక్షకులకు పంపుతారు. వాళ్లు సరేనన్నాక ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. కాపీ కొట్టారేమో యంత్రంతో చూస్తారు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే చర్య ఉండదు, దాటితే తిరిగి రాయడం మొదలు రిజిస్ట్రేషన్ రద్దు దాకా శిక్షలున్నాయి. డబ్బిచ్చి థీసిస్ రాయించుకోవడమంటే కల్తీ విత్తనం కొన్నట్టే. మొలిచినా కాత ఉండదు.

మామూలు విశ్వవిద్యాలయాల్లో

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల పీహెచ్‌డీకి యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనలు వర్తిస్తాయి. రెండేళ్ల పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు. అవసరమైతే మరో రెండేళ్లు పొడిగిస్తారు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చని ఆ నిబంధనల్లో ఉంది. ఏజీ బీఎస్సీ కూడా నాలుగేళ్లదే కదా అని వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనూ ఇదే దారి ఉందనుకోవద్దు. ఐసీఏఆర్ పరీక్ష ద్వారా పీహెచ్‌డీకి వెళ్లాలంటే ఎమ్మెస్సీ ఉండాల్సిందే.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి. పెళ్లయితే పీహెచ్‌డీ ఆగిపోతుందన్న భయం అక్కర్లేదు. ప్రసవానికి, పిల్లల పెంపకానికి మొత్తం చదువుకాలంలో 240 రోజుల వరకు సెలవు ఇస్తారు. పూర్తి చేయడానికి మామూలు గడువు మీద మరో రెండేళ్లు సడలింపు కూడా ఉంది. పెళ్లి మాటలప్పుడే ఈ సంగతి అవతలివాళ్లకు చెప్పడం మంచిది.

ఖర్చుకు ఆసరా

పీజీకని పొలం అమ్మే ముందు ఆగండి. ఐసీఏఆర్ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుని ఎమ్మెస్సీలో చేరినవాళ్లకు నెలకు 12,640 రూపాయల ఉపకార వేతనం ఉంది. ఐసీఏఆర్ వాటాలో సొంత రాష్ట్రం దాటి చేరినవాళ్లకు ఎమ్మెస్సీలో నెలకు 5,000 రూపాయల ప్రతిభా వేతనం ఇస్తారు. యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ సాధించిన పీహెచ్‌డీ విద్యార్థికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. అది రాకపోయినా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలకు 8,000 రూపాయలు ఇచ్చే పథకం ఉంది. ఎస్సీ, బీసీ పరిశోధక విద్యార్థులకు వేరుగా జాతీయ ఫెలోషిప్‌లున్నాయి. వీటికి కుల, ఆదాయ ధ్రువపత్రాలు చేతిలో సిద్ధంగా ఉండాలి. గడువు ముందురోజు మండలాఫీసు చుట్టూ తిరిగితే పని కాదు.

అందరికీ పీజీ అవసరమా?

కాదు. వ్యవసాయాధికారి ఉద్యోగానికి ఏజీ బీఎస్సీ చాలు. విస్తరణాధికారి పోస్టుకు డిప్లొమా చేసినవాళ్లూ అర్హులే. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాలన్నా, శాస్త్రవేత్త కావాలన్నా పీజీ, పీహెచ్‌డీ కావాలి. పిల్లల మనసు ఎటుందో అడిగి తెలుసుకోండి. ఉద్యోగం దొరికేదాకా కాలం గడపడానికి పీజీలో చేరితే ఆ రెండేళ్లూ, ఇంటి డబ్బూ ఖర్చయిపోతాయి.

గుర్తుంచుకోండి

– డిగ్రీలో చేరే ముందే ఐసీఏఆర్ గుర్తింపు, దాని గడువు కాగితం మీద చూడండి.
– పాసు పుస్తకం, కుల, ఆదాయ పత్రాలు ఇంటర్‌లోనే సరిచేసుకోండి.
– ఐసీఏఆర్ పరీక్ష, రాష్ట్ర నోటిఫికేషన్ రెండూ వదలవద్దు.
– థీసిస్ పంట నడిచే నెలల్లో పిల్లలను ఇంటికి పిలిచే ముందు అడగండి.
– నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి. ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌ను పిల్లలతో చదివించుకుని, మీరు పక్కన కూర్చుని వినండి.

ఇంట్లో మొదటిసారి పీజీ గడప తొక్కే బిడ్డకు దారి చెప్పే అన్నలు, అక్కలు ఉండరు. తండ్రికి అక్షరం రాకపోయినా పర్వాలేదు. విత్తన దుకాణంలో అడిగినట్టే కాలేజీ కౌంటరు దగ్గరా 'ట్యాగు చూపించండి' అని అడిగితే చాలు, బిడ్డకు నాలుగేళ్ల కాలం మిగులుతుంది.