బడి సంఘాలు బోర్డులకే పరిమితమా?

మందస: చాలా ఉన్నత పాఠశాలల్లో హెడ్మాస్టరు గది పక్కన ఒక బోర్డు కనిపిస్తుంది. సైన్సు క్లబ్బు, ఎకో క్లబ్బు, సాహితీ సంఘం, జూనియర్ రెడ్‌క్రాస్... కింద అధ్యక్ష, కార్యదర్శుల పేర్లు. జూన్ 5న ఓ మొక్క నాటుతారు. ఆగస్టు 15న ఉపన్యాసం ఇప్పిస్తారు. ఆ తర్వాత బోర్డుకు విశ్రాంతి. పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే ఆ మాత్రమూ ఉండదు.

“మార్కులొచ్చే పని చూడండి మాస్టారూ” అనే తల్లిదండ్రులను తప్పు పట్టలేం. ఉద్దానంలో పిల్లవాడు పది పాసైనా, తప్పినా హైదరాబాదుకో, చెన్నైకో రైలెక్కే ఇళ్లు ఎన్నో. చదువు కూడు పెడుతుందా అన్నదే వారి బెంగ. అయితే అక్కడ పనిలో చేరిన కుర్రవాణ్ణి ఎవరూ పద్యం అప్పజెప్పమనరు. లెక్క సరిగా రాశావా, నలుగురితో కలిసి పని చేస్తావా, పై అధికారికి విషయం తడబడకుండా చెప్పగలవా అనే చూస్తారు. వీటికి పాఠ్యపుస్తకంలో పాఠం లేదు. నేర్పడానికి వీలున్న చోటు బడి సంఘమే. దానికి కావలసిన సరుకు మన చుట్టూనే ఉంది.

‘సైబీరియా’ పక్షులేనా?

టెక్కలి మండలం తేలినీలాపురానికి ఏటా సెప్టెంబరు, అక్టోబరుల్లో పక్షులు వస్తాయి. ఊరివారు వాటిని ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు. సైబీరియా నుంచి వచ్చాయని అందరూ చెబుతారు. పత్రికలూ అలాగే రాస్తుంటాయి. ఎనిమిదో తరగతి విద్యార్థి కూడా ఈ మాటను పరీక్షించవచ్చు. చలికాలం గడపడానికి సైబీరియా నుంచి మన దేశానికి వచ్చే పక్షులు ఇక్కడ గూడు కట్టవు. వేసవికి తిరిగి వెళ్లి అక్కడే పిల్లలను చేస్తాయి. తేలినీలాపురంలోనో, చెట్ల నిండా గూళ్లే. పిల్లలు పెద్దవయ్యాకే పక్షులు వెళతాయి. పెయింటెడ్ స్టార్క్ అనే రంగుల కొంగ, పెలికాన్ అనే గూడబాతు దక్షిణాసియాలోనే పుట్టి పెరిగేవి. సైబీరియాతో వీటికి చుట్టరికం లేదు.

పదిమందీ చెప్పే మాటను కళ్లతో చూసి సరిచేసుకోవడం ఒకసారి అలవాటైతే, సెల్‌ఫోనులో వచ్చే ప్రతి కబురునూ పిల్లవాడు నమ్మడు. పని కూడా కష్టమైనది కాదు. వారానికి ఒకరోజు, ఒకే వేళకు, ఒకేచోట నిలబడి గూళ్లు లెక్కపెట్టాలి. ఇద్దరు విడివిడిగా లెక్కించాలి. తేడా వస్తే మళ్లీ లెక్కించాలి. తేదీతో సహా పుస్తకంలో రాయాలి. పక్షులు బెదరకుండా దూరం నుంచే చూడాలి. మందస పిల్లలకు తేలినీలాపురం దూరమనుకుంటే ఊరి చెరువు మీది కొంగలు చాలు.

320 అంటే ఏమిటి?

పలాస చుట్టుపక్కల జీడిపప్పు పేరుతో పాటు అంకె కూడా వినిపిస్తుంది. 180, 210, 240, 320. ఆ అంకె ఏమిటో పిల్లలను అడిగి చూడండి. ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే లెక్క అది. 320 రకమంటే పౌనుకు 300 నుంచి 320. అంకె తగ్గేకొద్దీ గుండు లావు, ధర ఎక్కువ. నూరు గ్రాములు తూచి లెక్కపెడితే 320 రకం 66 నుంచి 70 వరకు రావాలి. అంతకు మించితే చిన్న పప్పు కలిసిందన్నమాట. నల్లబల్ల మీద నిష్పత్తులు అర్థంకాని పిల్లలకు ఈ లెక్క తక్కెడ దగ్గర ఇట్టే తెలుస్తుంది.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలను పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిపనివారి దగ్గరకు పంపమంది. రాష్ట్రంలో 2025-26 నుంచి శనివారాలను ‘నో బ్యాగ్ డే’గా ప్రకటించారు. ఆ రోజు జీడి కార్ఖానాకు తీసుకెళ్లవచ్చు. కాని చూడటం వేరు, చేయించడం వేరు. పిక్క తొక్కలోని నూనె చేతులను కాల్చేస్తుంది. 14 ఏళ్లలోపు పిల్లలతో పని చేయించడం నేరం కూడా. సంఘం పేరు చెప్పి పిల్లల చేత పిక్క కొట్టిస్తే అది చదువు కాదు, వెట్టి. ఈ విషయంలో ఉపాధ్యాయులు మొహమాటపడకూడదు.

తిత్లీ తర్వాత

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపానును ఉద్దానం మరిచిపోలేదు. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరికి పరిహారం చెట్ల లెక్కన ఇచ్చారు. జాబితాలపై ఫిర్యాదులూ వచ్చాయి. రైతు పేరు, సర్వే నంబరు, పడిన చెట్లు, తేదీ అని నాలుగు గళ్లు గీసి రాయగల పిల్లలు ప్రతి వీధిలో ఉంటే ఆ ఇళ్ల పెద్దలకు ఎంత ఆసరా! తుపాను వచ్చాక నేర్పలేం. ఇప్పుడే ఎకో క్లబ్బు చేత ఊరి చెట్లు లెక్కపెట్టించి ఉంచాలి. ఆపదలో కబురు ఎవరు ఎవరికి చెప్పాలో, ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడుండాలో పంచుకోవడం జూనియర్ రెడ్‌క్రాస్ పిల్లల పని.

నీటి సంగతి మరీ దగ్గరిది. క్రియాటినిన్ అనే మాట తెలియని ఇల్లు ఉద్దానంలో తక్కువ. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, ఏడు మండలాలకు తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. జబ్బుకు కారణం ఇదీ అని మాత్రం శాస్త్రజ్ఞులు తేల్చలేదు. బడిపిల్లలు తేలుస్తారనీ కాదు. జలజీవన్ మిషన్ కింద గ్రామాల్లో మహిళలకు నీటి పరీక్ష నేర్పించారు. ఆ పెట్టెతో పరీక్ష చేసే రోజున సైన్సు క్లబ్బును పిలిస్తే ఫ్లోరైడ్, నైట్రేట్ అంటే ఏమిటో తెలుస్తుంది. తాతకు చేసిన రక్తపరీక్ష చీటీ చదివి, తేదీ రాసిపెట్టగల మనవరాలు ఇంటికి ఒకరుంటే మేలు.

డబ్బు అడ్డు కాదు

1993లో మొదలైన జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్ ఇదే దారి పట్టింది. 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు జట్టుగా తమ ఊరి సమస్యను ఎంచుకుని, పరిశీలించి, పదిమంది ముందు చెప్పాలి. ఖరీదైన సామాను అక్కరలేదు. 2001లో వచ్చిన జాతీయ హరిత దళం కింద ఏర్పడిన ఎకో క్లబ్బులకూ ఇది వర్తిస్తుంది.

కావలసింది ఒక లావుపాటి నోటు పుస్తకం, శ్రద్ధగల ఒక ఉపాధ్యాయుడు, వారానికి ఒక గంట. కార్యదర్శిగా ఎప్పుడూ ఫస్టు మార్కుల వాడినే ఎన్నుకోవడం మానాలి. వెనుక బెంచీలో మూగగా కూర్చునే అమ్మాయికి ఒక నెల రాత పని, మరో నెల చదివి వినిపించే పని ఇచ్చి చూడాలి. మొదటిసారి గొంతు వణుకుతుంది. మూడోసారికి సర్దుకుంటుంది. పరీక్షల ముందు రెండు నెలలు పదో తరగతి వారిని వదిలి, ఎనిమిది, తొమ్మిది తరగతులతో నడిపితే తల్లిదండ్రులూ అభ్యంతరం చెప్పరు. నోటు పుస్తకాన్ని మాత్రం ఎవరి ఇంటికీ పోనివ్వకుండా హెడ్మాస్టరు బీరువాలో ఉంచాలి. మాస్టారు బదిలీ అయినా, పదో తరగతి వారు బడి వదిలినా, జూన్‌లో వచ్చే పిల్లలు ఆగిన పేజీ నుంచే రాసుకుంటారు.