14 పరుగుల్లో 7 వికెట్లు పోయాయి.. ఆ తర్వాత మూడుకి మూడు!

2020 అక్టోబర్ 24 రాత్రి, దుబాయ్. పంజాబ్ కొట్టింది 126 మాత్రమే. మన సన్‌రైజర్స్ హైదరాబాద్ 3 వికెట్లకి 100 దగ్గర ఉంది. ఇంకో 27 పరుగులు కావాలి, చేతిలో ఏడు వికెట్లు. ఇక చూసేదేముంది అని సగం మంది టీవీలు కట్టేసి పడుకుని ఉంటారు. పొద్దున లేచి ఫోన్ చూసుకుంటే 114 ఆలౌట్! చివరి ఏడు వికెట్లు 14 పరుగుల్లో పోయాయి. 12 పరుగుల తేడాతో ఓటమి.

అప్పటికి 11 మ్యాచులు అయ్యాయి. గెలిచినవి నాలుగే. ఎనిమిది పాయింట్లు. మిగిలింది మూడు మ్యాచులు. ఆ మూడూ ఎవరితోనో తెలుసా? ఢిల్లీ, బెంగళూరు, ముంబై. అంటే ఆ రోజుకి టేబుల్‌లో పైన కూర్చున్న మూడు టీములూ అవే. మూడింటిలో ఒక్కటి ఓడినా బ్యాగులు సర్దుకోవడమే. మూడూ గెలిస్తే 14 పాయింట్లు. అప్పుడు కూడా నెట్ రన్ రేట్ బాగుంటేనే ప్లేఆఫ్స్.

నెట్ రన్ రేట్ అనగానే చాలామంది భయపడతారు గానీ లెక్క సింపులే. మనం ఓవర్‌కి సగటున ఎన్ని కొట్టాం, ఎన్ని ఇచ్చాం, ఈ రెండింటి తేడా. సీజన్ మొత్తానికి కలిపి తీస్తారు. ఒక్క మెలిక ఉంది. టీమ్ ఆలౌట్ అయితే, ఎన్ని ఓవర్లు ఆడినా 20 ఓవర్లూ ఆడినట్టే లెక్క కడతారు. సన్‌రైజర్స్‌కి ఇక్కడే కలిసొచ్చింది. ఆ సీజన్‌లో మనవాళ్లు ఓడితే దగ్గర దాకా వచ్చి ఓడేవాళ్లు, గెలిస్తే ఎదుటివాళ్లని చితక్కొట్టేవాళ్లు. అక్టోబర్ 8న పంజాబ్‌ని 69 పరుగులతో కొట్టారు. కోల్‌కతా చేతిలో సూపర్ ఓవర్‌లో ఓడారు. సూపర్ ఓవర్ పరుగులు రన్ రేట్ లెక్కలోకి రావు. అందుకే ఏడు మ్యాచులు ఓడిన టీమ్‌కి కూడా రన్ రేట్ చెక్కు చెదరలేదు. టేబుల్‌లో కిందున్నా దారి మాత్రం మూసుకుపోలేదన్నమాట.

ఈ 'ఇంకెన్ని కావాలి' లెక్క మా గోదావరిఖనిలో కొత్తగా ఎవరికీ నేర్పక్కర్లేదు. ఇక్కడ ప్రతి ఇంట్లో ఏడాది చివరి మూడు నెలలూ ఇదే లెక్క. దాని పేరు మస్టర్లు. 2020లో అండర్‌గ్రౌండ్‌లో పనిచేసే కార్మికుడికి ఏడాదిలో 190 మస్టర్లు పడితేనే జీతంతో కూడిన సెలవులకు హక్కు ఉండేది. సర్ఫేస్ వాళ్లకైతే 240. మస్టర్ అంటే హాజరు, నాగా అంటే గైర్హాజరు. బాయి పని ఎరిగిన వాళ్లెవరూ అక్టోబర్ దాటాక క్యాలెండర్‌ని మామూలుగా చూడరు.

ఆ ఏడాది మా ఇంట్లో లెక్క టైట్‌గా ఉంది. ఎండాకాలంలో బాపు కూరగాయల మార్కెట్ దగ్గర స్కూటర్ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నాలుగు నెలలు మంచం మీదే. అక్టోబర్ 27 నాటికి 140 మస్టర్లు. ఇంకా 50 కావాలి. డిసెంబర్ 31 దాకా ఆదివారాలు తీసేస్తే మిగిలింది 56 రోజులు. అంటే ఆరు నాగాలకు మించితే అంతే. వచ్చే ఎండాకాలం అక్క పెళ్లి అనుకున్నారు. చేతిలో సెలవులు లేకుండా ఆడపిల్ల పెళ్లి ఎట్లా అని అమ్మకి దిగులు. బాపు ఏమీ అనకుండా గోడ మీది క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టేవాడు.

నేను అప్పుడు ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. లాక్‌డౌన్ రాగానే హైదరాబాద్ రూమ్ ఖాళీ చేసి, ల్యాప్‌టాప్ సంకన పెట్టుకుని క్వార్టర్‌కి వచ్చేశా. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ అయితే కిటికీలు అదిరేవి. కాల్‌లో ఉన్నవాళ్లు "ఏమిటా చప్పుడు?" అని అడిగేవాళ్లు. నా పని ఇంట్లోంచి నడుస్తుంది, బాపు పని నడవదు. బొగ్గుకి వర్క్ ఫ్రమ్ హోమ్ లేదు కదా.

మా టీమ్‌లో ఒక అమెరికా అతను బేస్‌బాల్ పిచ్చోడు. వాళ్ల దగ్గర సీజన్ చివర్లో 'మ్యాజిక్ నంబర్' అని ఒకటి నడుస్తుందట. మన టీమ్ గెలుపులు, వెనకున్న టీమ్ ఓటములు కలిపి ఇంకా ఎన్ని జరిగితే మన బెర్త్ ఖాయమో చెప్పే అంకె అది. మామూలుగా అక్కడ ఒక్కో టీమ్ 162 మ్యాచులు ఆడుతుంది. కరోనా వల్ల 2020లో 60కి కుదించారు. అతను ఆ 60 మ్యాచుల కథ చెబుతుంటే, మావి 14 మ్యాచులే, ఒక్కోటి మీకు పదకొండింటితో సమానం అన్నా. నవ్వాడు.

ఢిల్లీ మీద

అక్టోబర్ 27. వార్నర్ పుట్టినరోజు కూడా అదే. ఆ ఏప్రిల్‌లో బుట్టబొమ్మ పాటకి స్టెప్పులేసి తెలుగువాళ్ల ఫోన్లన్నిటిలోకి దూరిపోయాడు గుర్తుంది కదా! ఆ మ్యాచ్‌కి టీమ్‌లో పెద్ద మార్పు చేశారు. బెయిర్‌స్టోని పక్కన పెట్టి విలియమ్సన్‌ని తీసుకున్నారు. ఓపెనింగ్‌కి సాహా వచ్చాడు. సాహానా, టీ20లోనా అని నా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే జోకులు. ఎందుకంటే సెప్టెంబర్‌లో కోల్‌కతా మీద అతను 31 బంతుల్లో 30 కొట్టి టీమ్‌లో చోటు పోగొట్టుకున్నాడు.

ఈసారి 45 బంతుల్లో 87. వార్నర్ 34 బంతుల్లో 66. పవర్‌ప్లేలోనే వికెట్ పడకుండా 77. రబాడ అప్పటిదాకా వరుసగా పాతిక మ్యాచుల్లో వికెట్ తీస్తూ వచ్చాడు. ఆ రోజు 4 ఓవర్లు, 54 పరుగులు, వికెట్ సున్నా. స్కోరు 219. తర్వాత రషీద్ ఖాన్ 4 ఓవర్లలో 7 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. టీ20లో నాలుగు ఓవర్లకి ఏడు పరుగులు! ఢిల్లీ 131కి ఆలౌట్. 88 పరుగుల గెలుపు. ఆ ఒక్క మ్యాచ్ రన్ రేటే ప్లస్ 4.40 వస్తుంది. కావాలంటే లెక్కేసుకోండి: 219ని 20తో భాగిస్తే 10.95, 131ని 20తో భాగిస్తే 6.55.

ఆ వారం బాపుది సెకండ్ షిఫ్ట్. మూడింటికి వెళ్తే రాత్రి పదకొండింటికి దిగుతాడు. బాయి లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, ఒక్క నిప్పురవ్వ చాలు ప్రమాదానికి. కాబట్టి మ్యాచ్ మొత్తం అయ్యేదాకా అతనికి ఏమీ తెలియదు. పదకొండున్నరకి బండి ఆపి గేటు దగ్గర నుంచే అడిగాడు.

"ఎంత కొట్టిన్రు బిడ్డా?"

"రెండొందల పంతొమ్మిది."

"రెండొందలా? మన టీమేనా?"

బెంగళూరు మీద

అక్టోబర్ 31, షార్జా. ఈ మ్యాచ్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ నా లెక్కలో మూడింటిలో తెలివైన గెలుపు ఇదే. సందీప్ శర్మకి బులెట్ లాంటి స్పీడ్ లేదు. కొత్త బంతిని అటూ ఇటూ తిప్పుతాడు, అంతే. పడిక్కల్‌ని, కోహ్లీని ఇద్దరినీ పంపేశాడు. ఐపీఎల్‌లో కోహ్లీని అతను అవుట్ చేయడం అది ఏడోసారి. బెంగళూరు 120 దగ్గర ఆగింది. మనవాళ్లు 14.1 ఓవర్లలోనే కొట్టేశారు. చివర్లో కాస్త తడబడితే జేసన్ హోల్డర్ 10 బంతుల్లో 26 బాది పని ముగించాడు.

ఈ హోల్డర్ అసలు వేలంలో కొన్నవాడు కాదు. మొదటి మ్యాచ్‌లోనే మిచెల్ మార్ష్ మడమ మెలిక పడి ఇంటికెళ్తే, అతని బదులుగా వచ్చాడు. భువనేశ్వర్ కూడా గాయంతో సీజన్ మధ్యలోనే వెళ్లిపోయాడు. ఢిల్లీ మ్యాచ్‌లో విజయ్ శంకర్ కూడా. అంటే ఈ మూడు మ్యాచులు ఆడిన టీమ్‌లో సగం మంది సీజన్ మొదలైనప్పుడు బెంచ్ మీద ఉన్నవాళ్లే.

ఇంకో మాట. ఆ పదకొండు మందిలో తెలుగు కుర్రాడు ఒక్కడూ లేడు. మన సిరాజ్ అప్పుడు ఆడుతున్నది బెంగళూరుకి, రాయుడు చెన్నైకి. హైదరాబాద్ పేరు పెట్టుకున్న టీమ్‌కి ఇది చిన్న వెలితి కాదని నేను ఇప్పటికీ అంటాను. అయితే చిత్రమేంటంటే సిరాజ్ వేరే టీమ్‌లో ఉండి కూడా ఈ కథలో ఒక చెయ్యి వేశాడు. అక్టోబర్ 21న కోల్‌కతా మీద రెండు మెయిడెన్లు వేసి, 8 పరుగులకి 3 వికెట్లు తీశాడు. కోల్‌కతా 20 ఓవర్లలో 84. ఆ దెబ్బకి వాళ్ల రన్ రేట్ పాతాళానికి పోయింది. చివరికి కోల్‌కతా, బెంగళూరు ఇద్దరూ 14 పాయింట్ల దగ్గరే ఆగారు. రన్ రేట్ మైనస్ 0.172తో బెంగళూరు పైన, మైనస్ 0.214తో కోల్‌కతా కింద. తేడా చూడండి!

ముంబై మీద

నవంబర్ 2న ఢిల్లీ, బెంగళూరు ఆడుకున్నాయి. బెంగళూరు ఓడినా, ఢిల్లీ 17.3 ఓవర్ల కంటే ముందు గెలవకుండా చూసుకుంటే చాలు, రన్ రేట్ మీద బతికిపోతుంది. ఢిల్లీ 19వ ఓవర్ దాకా తీసుకెళ్లింది. ఇద్దరూ హ్యాపీ. ఇక ఒకటే బెర్త్, ఒకటే మ్యాచ్. నవంబర్ 3న ముంబై గెలిస్తే కోల్‌కతా లోపలికి. సన్‌రైజర్స్ గెలిస్తే సన్‌రైజర్స్.

ముంబై అప్పటికే టేబుల్ టాపర్. బుమ్రా, బౌల్ట్, హార్దిక్ ముగ్గురికీ రెస్ట్ ఇచ్చింది. లక్కు అన్నారు చాలామంది. ఉండొచ్చు. కానీ పొలార్డ్, సూర్యకుమార్, ఇషాన్ కిషన్ ఉన్న బ్యాటింగ్‌ని 149కి ఆపింది లక్కు కాదు కదా. సందీప్ 3 వికెట్లు, హోల్డర్ 2. నదీమ్ 4 ఓవర్లలో 19 పరుగులే ఇచ్చి 2 తీశాడు. నదీమ్‌ది జార్ఖండ్. మా బొగ్గు ఊళ్ల వాళ్లకి జార్ఖండ్ అంటే చుట్టాల ఊరులాంటిది, అతను వికెట్ తీస్తే వీధిలో ఓ రెండు ఈలలు ఎక్కువే పడ్డాయి.

ఆ వారం బాపుకి నైట్ షిఫ్ట్. ముంబై బ్యాటింగ్ మొత్తం చూశాడు. ఛేజింగ్ మొదలైంది. వార్నర్, సాహా ఇద్దరూ నింపాదిగా ఆడుతున్నారు. పది దాటింది. అన్నం డబ్బా సర్దిన అమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. ఒక్కరోజు నాగా పెట్టొచ్చు కదా, ఆరు ఉన్నాయి అన్నాను నేను.

"ఆరున్నయని ఇయ్యాల్నే ఒకటి ఖర్సు వెడ్తమా? చలికాలంల జరమొస్తెనో?" అని చెప్పులు వేసుకున్నాడు.

ఆ రాత్రిది 146వ మస్టర్. వార్నర్ 85, సాహా 58, ఇద్దరూ నాటౌట్. 17.1 ఓవర్లలో 151, ఒక్క వికెట్ కూడా పోలేదు. పది రోజుల కిందట 27 పరుగులు కొట్టలేక కుప్పకూలిన టీమ్ ఇదేనంటే నమ్మబుద్ధి కాదు. 14 పాయింట్లు, ప్లస్ 0.608, టేబుల్‌లో మూడో స్థానం. ల్యాంప్ రూమ్ దగ్గర క్యాప్ ల్యాంపు తీసుకునేటప్పుడే బాపుకి తెలిసిపోయిందట. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు అందరిదీ అదే ముచ్చట.

మా బాపు తరం ఇంతకుముందు కూడా ఇలాంటిది చూసింది. 2010లో డెక్కన్ చార్జర్స్. తెలంగాణ ఉద్యమం వేడిలో హైదరాబాద్ మ్యాచులన్నీ నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైకి వెళ్లిపోయాయి. సొంత గ్రౌండ్ లేని టీమ్ వరుసగా ఓడి, మళ్లీ వరుసగా గెలిచి సెమీస్‌కి చేరింది. నాగ్‌పూర్ మాకు రామగుండంలో రైలెక్కితే బల్లార్షా మీదుగా నేరుగా పోయే ఊరే. నేను అప్పుడు బడి పిల్లోడిని, ఎవరు తీసుకెళ్తారు?

2020కి వస్తే, ప్లేఆఫ్స్ ముచ్చట ఎక్కువ రోజులు సాగలేదు. సాహా గాయంతో తప్పుకున్నాడు. నవంబర్ 6న ఎలిమినేటర్‌లో బెంగళూరుని మళ్లీ కొట్టారు. నటరాజన్ యార్కర్‌కి డివిలియర్స్ స్టంపు ఎగిరింది, విలియమ్సన్ 50 నాటౌట్‌తో చివరిదాకా నిలబడ్డాడు. నవంబర్ 8, ఆదివారం. ఢిల్లీ 189. వార్నర్ రెండు పరుగులకే బౌల్డ్. విలియమ్సన్ 67, కుర్రాడు సమద్ 16 బంతుల్లో 33. 17 పరుగులు తక్కువయ్యాయి. మొన్న వికెట్ దొరకని రబాడ ఆ రోజు నాలుగు తీశాడు. బాపు టీవీ కట్టేసి, పొద్దున ఫస్ట్ షిఫ్ట్ కాబట్టి అలారం పెట్టుకుని పడుకున్నాడు.

190వ మస్టర్ డిసెంబర్ చివరి వారంలో పడింది. నాగాలు మూడే అయ్యాయి. అదే వారంలో మెల్‌బోర్న్‌లో సిరాజ్ తొలి టెస్ట్ ఆడాడు. నెట్ బౌలర్‌గా ఆస్ట్రేలియా వెళ్లిన నటరాజన్ జనవరి 15న బ్రిస్బేన్‌లో టెస్ట్ క్యాప్ అందుకున్నాడు. ఐపీఎల్‌లో ఎదురెదురు టీములకి ఆడిన ఇద్దరూ ఇప్పుడు ఒకే బంతి పంచుకుంటున్నారు. ఆ టెస్ట్ మన టైమ్‌కి తెల్లవారుజామునే మొదలయ్యేది. బాపు చాయ్ గ్లాసు పట్టుకుని ఓ పది ఓవర్లు చూసి, ఏడింటి షిఫ్ట్‌కి బండి తీసేవాడు.