చక్రాల ఇంట్లో వేన్నీళ్ళు

పిల్లలూ! పూర్వం వర్తకులు ఎద్దుల మీదా, ఒంటెల మీదా సరుకులు వేసుకొని గుంపులు గుంపులుగా దేశాలు తిరిగేవారు. ఆ గుంపును మనవాళ్ళు బిడారు అన్నారు. పారశీకులు కారవాను అన్నారు. ఈనాడు కారవాను అంటే చక్రాల మీద నడిచే ఇల్లు. పడకలు, పొయ్యి, స్నానాలగది అన్నీ అందులోనే ఉంటాయి.

కిందటి సంక్రాంతి సెలవులలో అటువంటి బండి ఒకటి మా జువ్వలదిన్నె సముద్రపు ఒడ్డున ఆగింది. పొద్దున్నే షికారుకు వెళ్ళిన నన్ను చూసి, "అయ్యవారూ!" అంటూ ఒకడు పరుగెత్తుకొచ్చాడు. నా పాత శిష్యుడే! వెంట తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. అప్పుడే అందరూ సముద్రస్నానం చేసి వచ్చారు. ఉప్పునీటిలో మునిగిన ఒళ్ళు జిగటగా ఉంటుంది. పైగా చలిగాలి. అవ్వ వణుకుతూ, "అబ్బయ్యా, నాలుగు చెంబులు వేన్నీళ్ళుంటే చాలురా," అన్నది.

బండిలో పది లీటర్ల తొట్టి ఉంది. దానిని కాచటానికి గ్యాసు మంట ఉంది, కరెంటు కడ్డీ కూడా ఉంది. "గ్యాసుతో కాచుదాం," అన్నది పాప. "కాదు, కరెంటే మంచిది. పొగ రాదు," అన్నాడు అబ్బాయి. తగవు నా దగ్గరకు వచ్చింది. బడిపంతులు తగవు తీర్చాలంటే ముందు లెక్క చేయాలి కదా!

ఒక లీటరు నీటిని ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడెక్కించటానికి ఒక కిలో కేలరీ కావాలి. 10 లీటర్ల నీరు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు రావాలంటే, 10ని 35తో హెచ్చించండి. 350 కిలో కేలరీలు! అంత వేడినీళ్ళు పోసుకుంటే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. 13 లీటర్ల చన్నీళ్ళు తొరిపితే, సుమారు 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళు 23 లీటర్లు అవుతాయి.

ఒక యూనిట్ కరెంటు 860 కిలో కేలరీల వేడినిస్తుంది. కనుక మనకు అర యూనిట్ కూడా అక్కరలేదు. వెయ్యి వాట్ల కడ్డీ సుమారు 25 నిమిషాలలో పని పూర్తి చేస్తుంది. కాని కరెంటు ఎక్కడిది? ఏ ఇంటి ప్లగ్గుకో తీగ తగిలిస్తే చిక్కు లేదు. ఇసుకలో ఆగిన బండికి బ్యాటరీయే గతి. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీ నిండుగా ఉన్నా అందులో ఉండేది 1.2 యూనిట్లే. ఒక్కసారి నీళ్ళు కాచేసరికి మూడో వంతు ఖర్చు! ఇక రాత్రి దీపాలకూ, ఫ్యానుకూ ఏం మిగులుతుంది?

గ్యాసు సంగతి చూడండి. కిలో గ్యాసును మండిస్తే సుమారు 11,000 కిలో కేలరీలు వస్తాయి. కొంత వేడి వృథాగా పోయినా, మన తొట్టికి 40, 50 గ్రాములు చాలు. అంటే గుప్పెడు బియ్యమంత బరువు!

"ప్లగ్గు దొరికినచోట కరెంటు, దొరకనిచోట గ్యాసు. ఇద్దరూ గెలిచారు," అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. శిష్యుడు గ్యాసు మీట నొక్కటానికి లోపలికి వెళ్ళాడు.

నేను బండి చుట్టూ తిరిగి చూస్తున్నాను. పక్కగోడకు అరచెయ్యంత జాలీ ఒకటి ఉంది. దానిమీద, పిల్లలు ఒళ్ళు తుడుచుకున్న తడి తువ్వాలు నిండుగా కప్పి ఆరవేసి ఉంది!

"ఆగు, అబ్బయ్యా! నొక్కవద్దు!" అని గట్టిగా అరిచాను.

ఎందుకంటారా? మంటకు ప్రాణవాయువు కావాలి. అది చాలినంత దొరికితే బొగ్గుపులుసు వాయువూ, నీటి ఆవిరీ పుట్టి ఆ జాలీగుండా బయటికి పోతాయి. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తరువాత తల తిరగటం, నిద్రమత్తు, ఆపైన ప్రాణాపాయం. గాలి ఆడకపోతే కొన్ని యంత్రాలు తామే ఆగిపోతాయి. అయినా, యంత్రం చూసుకుంటుందిలే అని మనం కళ్ళు మూసుకోరాదు.

1868లో లండన్‌లో బెంజమిన్ మాహన్ అనే ఆయన గ్యాసుతో నీళ్ళు కాచే యంత్రం కనిపెట్టాడు. ఐస్‌లాండులో వేడినీళ్ళు చిమ్మే బుగ్గ పేరిట దానికి గీజర్ అని పేరు పెట్టాడు. పేరు నిలిచింది. కాని ఆ యంత్రానికి పొగగొట్టం లేదు. అందుకే అది ప్రమాదకరమైనది. మూసిన స్నానాలగదిలో గ్యాసు గీజర్ పెట్టటం ఈనాటికీ అంతే ప్రమాదం.

మరొక మాట. వంటగ్యాసు గాలికంటే బరువు. కారితే నీళ్ళలాగా పల్లానికి పోయి నిలుస్తుంది. అందుకే బండిలో సిలిండరు పెట్టే అరకు అడుగున రంధ్రం ఉంచుతారు. మా రేవులోని పడవకు అడుగున రంధ్రం పెట్టగలమా? అందుచేత పడవలో సిలిండరును పైన, గాలి ఆడేచోటనే ఉంచుకోవాలి. గ్యాసులో కలిపిన ఘాటువాసన తగిలితే ఏ స్విచ్చీ వేయరాదు, తీయరాదు. తలుపులు తెరిచి, సిలిండరు కట్టి, బయటికి రావాలి.

కరెంటు కడ్డీకీ జాగ్రత్త కావాలి. కుర్రపంతులుగా ఉన్నప్పుడు, నీళ్ళు కాగాయో లేదోనని స్విచ్చి తీయకుండా బకెట్టులో వేలు పెట్టాను. విసిరి గోడకు కొట్టినట్లయింది! స్విచ్చి తీసి, ప్లగ్గు ఊడదీసి, ఆ తరువాతనే నీళ్ళు ముట్టుకోవాలి.

తువ్వాలు తీశాము. నీళ్ళు కాగాయి. అవ్వ హాయిగా స్నానం చేసింది. కాసేపటికి చూస్తే, ఆ జాలీ పక్కన అబ్బాయి సుద్దముక్కతో ఇలా రాసి ఉన్నాడు: "ఇక్కడ తువ్వాలు ఆరవేయరాదు."

పిల్లలూ, మీ ఇంట నీళ్ళు దేనితో కాచుతున్నారు? ఆ పొగ ఎటు పోతున్నది? ఈ రోజే అమ్మానాన్నలతో కలిసి చూడండి.